సీసా ముట్టని వేసవి

ఆ వేసవిలో నా ఉద్యోగం గురించి అభిప్రాయం చెప్పని మనిషి మా ఇంట్లో లేడు. నాలుగు నెలల మా అమ్మాయి కూడా చెప్పింది, నోరు బిగించి.

అది రెండువేల రెండు. గుడివాడ దాటాక పొలాల మధ్య కొత్తగా లేచిన ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ లెక్చరర్‌ని. పురిటి సెలవు అయిపోయింది. దాని తోక పట్టుకుని పెట్టిన సెలవూ అయిపోయింది. ఆ పైన దేవుడిచ్చినట్టు వేసవి సెలవులు వచ్చాయి. జూన్‌లో కాలేజీ తెరిచే రోజుకి మాత్రం వెళ్ళి తీరాలి. పొద్దున్నే చిలకలపూడి స్టేషన్లో పాసింజరెక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి ఇంటికొస్తాను. ఈ మధ్యలో మా అమ్మాయి యశస్విని పాలు తాగాలి. నా దగ్గర తప్ప ఇంకెక్కడా తాగదు. సమస్య ఇంతే. పరీక్షలో ఇస్తే రెండు మార్కుల ప్రశ్న.

మాది చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ చేసే ఇల్లు. మాది అంటే మా అత్తగారిది. మావయ్య రామబ్రహ్మం గారిది పాత పద్ధతి, రాగి మీద పల్చటి బంగారు రేకు చుట్టి తీగ లాగటం, అచ్చులు కొట్టటం. ఏళ్ళ తరబడి సుత్తి చప్పుడు విని విని ఆయన చెవులు రిటైరయ్యాయి, చేతులు మాత్రం కాలేదు. మా ఆయన శ్రీహరి శాంపిల్ పెట్టెలు పట్టుకుని బరంపురం, కటకం వైపు తిరుగుతాడు. పెళ్ళిళ్ళ సీజనులో అతను ఇంటికి చుట్టం లెక్క.

ఇక అత్తయ్య గంగాదేవి. తయారైన గొలుసులూ గాజులూ పెరట్లో ఆవిడ చేతుల్లోకి వస్తాయి. పెద్ద గంగాళంలో కుంకుడు రసం, అందులో సరుకు. చేత్తో రుద్ది, మూడు నీళ్ళలో జాడించి, ఆఖర్న గొలుసు కొన నాలుకకి ఆనించి చూస్తుంది. చేదు తగిలితే ఇంకో నీళ్ళు. కుంకుడు మిగిలిపోతే సరుకు మచ్చ పడుతుందట. ఆవిడ నాలుక దాటకుండా ఏ గొలుసూ ఆ గడప దాటలేదు. ఇల్లంతా కుంకుడు వాసనే. కొత్తలో తుమ్మేదాన్ని. తర్వాత ఆ వాసన ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం, చెత్తని చెత్తలా చూడకపోవటం. పొద్దుగూకే వేళ ఇల్లు ఊడ్చిన దుమ్మూ, బుట్టలో పడ్డవీ అన్నీ అత్తయ్య జల్లెడలో పోసి జల్లిస్తుంది. గోరంత బంగారు రేకు పడి ఉన్నా బయటికి పోకూడదు. నేను పారేసిన బొట్టుబిళ్ళ మర్నాడు అద్దానికి అంటించి కనపడేది. విరిగిన హెయిర్‌పిన్ను తిరిగి నా దువ్వెన పక్కకి చేరేది. హాస్టల్లో పెరిగిన దాన్ని, నాకది నవ్వులాటగా ఉండేది.

మా అమ్మ లేదు. అందుకని పురుడు అత్తయ్యే పోసింది. ఆ సంగతి ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు, నేనెప్పుడూ మర్చిపోలేదు.

*

కోనేరు సెంటర్లో కొత్త పాలసీసా కొనుక్కొచ్చాను. గుమ్మంలోనే అత్తయ్య నా చేతిలోంచి తీసేసుకుంది.

"ఇటివ్వు. బజారు సరుకు. ఎవరెవరి చేతులు పడ్డాయో."

"మరిగించాలత్తయ్యా."

"సీసా మరిగిస్తాను. రబ్బరు మరిగిస్తే కరిగిపోదూ? నాకు వదిలెయ్. నువ్వు కంప్యూటరు చూసుకో, కడగటం నేను చూసుకుంటాను."

మర్నాడు నా పాలే పిండి సీసాలో పోశాం. అత్తయ్య యశిని ఒళ్ళో వేసుకుని రబ్బరు పీక నోటికి అందించింది. యశి పెదాలతో తాకింది. ఒక్క క్షణం ఆలోచించినట్టు చూసింది. తర్వాత మొహం అంతా ముడుచుకుని, నాలుకతో పీకని బయటికి తోసేసి, అత్తయ్యని కాదు, నన్ను చూసి ఏడ్చింది.

"మొదటిసారి కదా. అలవాటవుతుందిలే" అంది అత్తయ్య.

అలవాటు కాలేదు. ప్రోగ్రాం పనిచెయ్యనప్పుడు అన్నీ ఒకేసారి గెలక్కండి, ఒక్కోటీ మార్చి చూడండి అని క్లాసులో గొంతు చించుకుంటాను. అదే పని మొదలుపెట్టాను. పాలు కాస్త వెచ్చగా, కాస్త చల్లగా. పీకకి బెజ్జం చిన్నగా, పెద్దగా. పిల్లని పడుకోబెట్టి, నిలబెట్టి, కిటికీ దగ్గర, ఉయ్యాల్లో. నా పాలు పోయి డబ్బా పాలు. ఒక కంపెనీ సీసా పోయి ఇంకో కంపెనీ సీసా. ఏది తెచ్చినా ముందు అత్తయ్య చేతుల్లోకి వెళ్ళి తళతళలాడుతూ వచ్చేది. జవాబు మాత్రం మారేది కాదు. నోట్లో పెట్టటం, ఆలోచించటం, మొహం ముడవటం, నన్ను చూసి ఏడవటం.

అత్తయ్య పెట్టె అడుగు నుంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది.

"ఈ ఇంట్లో అసలు సరుకు ఇదొక్కటే" అన్నారు మావయ్య. ఆయన వేసే జోకు కూడా ఇదొక్కటే.

గిన్నె ముక్కు చూడగానే యశి పెదాలకి తాళం పడింది. వారం వారం ఆముదం పట్టేది దాంతోనే మరి. మా ఆయనా అందులోనే ఆముదం తాగి పెరిగాడట. ఇప్పటికీ చెంచాతో ఏమిచ్చినా వాసన చూసి గానీ నోట్లో పెట్టుకోడు.

పక్కింటి కనకదుర్గ పిన్నిగారు గాజులకి రాళ్ళు అతుకుతుంది. సరుకు పట్టుకెళ్ళటానికి వచ్చి అరుగు మీద కూర్చుని ఈ వేడుకంతా చూసింది.

"పిల్లలకి తెలుస్తుందమ్మా" అంది, తమలపాకు ఈనె తీస్తూ. "తల్లి వదిలేసి వెళ్తోందని కడుపులో తెలుస్తుంది. అందుకే ఇప్పట్నించే గట్టిగా పట్టుకుంటోంది."

"దానికింకా దాని కాలు దానిదని తెలీదు పిన్నిగారూ. పట్టుకుని వింతగా చూస్తుంది. నా ఉద్యోగం సంగతి ఏం తెలుస్తుంది?"

"చదువుకున్న దానివి, నీతో మాట్లాడలేం. మొండిది వదినా మీ మనవరాలు. ఎవరి పోలికో మరి."

"ఎవరి పోలికైతే ఏం, నీ పోలిక కాదుగా" అంది అత్తయ్య.

పిన్నిగారు గాజులు మూట కట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మాట మాత్రం వెళ్ళలేదు. అరుగు మీదే కూర్చుంది. నేను పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా నాకేసి చూసేది.

*

ఆ ఇంట్లో నన్నెవరూ ఒక మాట అనలేదు. అసలు మాటలే లేవు. మావయ్యతో మాట్లాడాలంటే వీధి వీధంతా వినేలా అరవాలి. అత్తయ్య పెదాలు ఎప్పుడూ డజన్లు లెక్కపెడుతూ ఉండేవి. మధ్యలో పలకరిస్తే లెక్క తప్పుతుంది. టక్ టక్ సుత్తి, పెరట్లో నీళ్ళ చప్పుడు, మధ్య గదిలో నేనూ, యశీ. నాతో చదువుకున్న వాళ్ళందరూ హైదరాబాదులో ఉన్నారు. వాళ్ళకి ఫోన్ చేస్తే, ఆఫీసులో వాళ్ళకి జరిగింది నాకు అర్థమయ్యేది, నాకు ఇంట్లో జరిగేది వాళ్ళకి అర్థమయ్యేది కాదు.

కాలేజీలో గొప్ప ఉద్యోగమేం కాదు. ఫ్యాన్లు తిరగని గదిలో సి లాంగ్వేజ్ చెప్పటం. కానీ అక్కడ నేను ఒక వాక్యం మొదలుపెడితే చివరిదాకా చెప్పనిచ్చేవాళ్ళు. అది నాకు కావాలి. ఎవరికి చెప్పినా చిన్నపిల్ల చాక్లెట్ అడిగినట్టు ఉంటుందని చెప్పలేదు.

మా హెచ్.ఓ.డి. నరసింహం గారు ఇంటికి ఫోన్ చేశారు.

"అరుణకుమారి గారూ, పాప బాగుందామ్మా? సంతోషం. ఇదిగో, తెరిచే రోజు మీరు వచ్చేట్టయితే టైంటేబుల్లో మీ పేరు వేస్తాను. రాలేకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి, మొహమాటం వద్దు. ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది."

"వస్తానండి" అన్నాను. ఒళ్ళో యశి సీసా పాలు చొక్కా నిండా కక్కుకుని ఉంది.

బరంపురం నుంచి శ్రీహరి చేశాడు.

"తాగిందా?"

"లేదు."

"అమ్మ పట్టి చూసిందా?"

"చూసింది. మీ అమ్మాయి నోరు తెరవదు. మీ పోలిక. మీరూ ఫోన్లో తెరవరు."

నవ్వాడు. వెనక లారీ హారన్లు. "పోనీ ఈ ఏడాదికి మానెయ్. అదే అలవాటు పడుతుంది. ఒక్క ఏడాదికి మునిగిపోయిందేముంది?"

మునిగిందేమిటో ఎస్.టి.డి. బూత్‌లో నిలబడ్డ మనిషికి చెప్పటం ఎలాగో తెలియలేదు.

"మీటరు తిరుగుతోంది, పెట్టెయ్యండి" అన్నాను.

*

బందరులో పిల్లల డాక్టరమ్మ యశిని చూసి బరువు చూసి, నన్ను చూసి నవ్వింది.

"మీరు ఎదురుగా ఉంటే సీసా ఎందుకు తాగుతుంది చెప్పండి? మీ వాసన తగులుతూనే ఉంటుంది. వేరేవాళ్ళు పట్టాలి. మీరు గదిలో కాదు, అసలు ఇంట్లోనే ఉండకూడదు."

అలా నేను రోజూ పొద్దున్నే ఇంట్లోంచి బయటికి పోవటం మొదలైంది. పాలు పిండి పెట్టి, యశికి ఆకలి వేసే వేళకి చెప్పులేసుకునేదాన్ని. ఎక్కడికి పోవాలి? ఎవరింటికి వెళ్ళినా పిల్లేదీ అంటారు. చిలకలపూడి స్టేషనే నయం. అక్కడ ఊరికే కూర్చున్న మనిషిని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు, బండి కోసం అనుకుంటారు.

వేపచెట్టు కింద సిమెంటు బెంచీ. గుడివాడ పాసింజరు వచ్చి ఆగేది. పెడన వెళ్ళే చీరల మూటలు, గుడ్లవల్లేరు పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళు, మజ్జిగ క్యాన్లు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేసేవాళ్ళు. నేను ఎక్కబోయే పెట్టె ఏదో కూడా చూసి పెట్టుకున్నాను. బండి కదిలి వెళ్ళిపోయాక ఇటు గేటు వైపు తిరిగి కూర్చునేదాన్ని. యశి మరీ గుక్కపడితే మావయ్య సైకిల్ మీద వస్తారు, అదీ ఒప్పందం. ఆయన సైకిల్ చెయిన్ కవరు పెడల్‌కి కొట్టుకుని టంగు టంగుమనేది. ఆ చప్పుడు ఆయనకి తప్ప ఊరందరికీ వినపడేది.

రోజూ వచ్చేది ఆ చప్పుడు.

"పదమ్మా. గుక్కపట్టింది" అనేవారు. వెనక క్యారియర్ మీద కూర్చుని ఆ రోహిణి కార్తె ఎండలో వెళ్తుంటే, ఇంటికింకా దూరం ఉండగానే యశి ఏడుపు ఊహించుకోగానే పాలు చేపుకొచ్చి నా జాకెట్టు తడిసిపోయేది. చెంగు కప్పుకునేదాన్ని. ఆయన రోడ్డు తప్ప ఇంకేమీ చూసేవారు కాదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి అత్తయ్య పిల్లని నాకు అందించి గోడవైపు తిరిగి కూర్చుంది. యశి నా దగ్గర ఆవురావురుమని తాగుతోంది.

"నన్ను చూస్తేనే నోరు మూసేస్తోందే" అంది. "ఈ చేతుల్తో ఈ వీధిలో ఎందరు పసివాళ్ళకి నీళ్ళు పోశాను. అందరూ పడుకున్నారు నా కాళ్ళ మీద. నా మనవరాలికే నా చేతులు పడటం లేదు. ఏముందో మరి ఈ చేతుల్లో."

చేతులు తిప్పి చూసుకుంది. కుంకుడు నీళ్ళకి నాని, వేళ్ళ కొనలు ఎండు ఖర్జూరాల్లా ముడతలు పడి ఉన్నాయి.

"అదేం లేదత్తయ్యా" అన్నాను.

"నువ్వు వెళ్ళు ఉద్యోగానికి. నేనేం వద్దనలేదు. కానీ దాన్ని ఆకలితో ఏడిపిస్తూ కూర్చోవటం నా వల్ల కాదు."

అంతకంటే వద్దు అని చెప్పినా బాగుండేది. ఆ సాయంత్రం నరసింహం గారికి ఏం చెప్పాలో మనసులో వాక్యాలు పేర్చుకున్నాను. చాలా మర్యాదైన వాక్యాలు. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. ఇంకొక్క రోజు చూసి చెబుదామనుకున్నాను.

*

మర్నాడూ సైకిల్ వచ్చింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సుత్తి కూడా ఆగింది. మావయ్య ముందు గదిలో చాప మీద, అత్తయ్య ఉయ్యాల పక్కన విసనకర్ర చేతిలో పట్టుకునే నిద్రపోయారు. పొద్దున్న యశి వద్దన్న సీసా వంటింటి గట్టు మీద అలాగే ఉంది. పారబొయ్యాలని తీశాను. చేతులు రాలేదు. ఎంత కష్టపడి పిండిన పాలు. పీట వాల్చుకుని కూర్చుని ఆ సీసాకేసి చూశాను. ఎక్కాల పుస్తకంలా ఎన్నిసార్లు తిరగేశాను దీన్ని. పాలు మార్చాను, మనిషిని మార్చాను, ఊరవతలకి పోయి కూర్చున్నాను. ఇంతకీ నీకేం కనపడుతోందే ఇందులో అని, ఎవరూ చూడటం లేదు కదా అని, పీక నా నోట్లో పెట్టుకుని చీకాను.

ముందు ఏమీ తెలియలేదు. గోరువెచ్చటి రబ్బరు. తర్వాత నాలుక వెనక నుంచి మొదలైంది. చేదు. గొంతులోకి దిగి, కళ్ళల్లో నీళ్ళు తిప్పే చేదు. నాకు బాగా తెలిసిన చేదు. చిన్నప్పుడు తలంటుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచి ఏడిస్తే, నోట్లోకి పోయే నురగ.

పెరట్లోకి వెళ్ళాను. గొలుసుల గంగాళానికి దూరంగా, తులసికోట గట్టు మీద, ఒక ఇత్తడి చెంబు. పైన పళ్ళెం మూత. తీసి చూస్తే చిక్కటి కుంకుడు రసం, అందులో నానుతూ మిగతా పీకలు. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే ఒక్కసారి జాడించి సీసాకి తొడిగేదన్నమాట. సబ్బు పిల్లకి పడదు. రబ్బరు మరిగిస్తే కరుగుతుంది. కుంకుడుతో దేవుళ్ళ విగ్రహాల్నే కడుగుతాం. అదీ ఆవిడ లెక్క. ఆ చెంబు ఎంత శుభ్రంగా తోమి ఉందంటే అందులో నా మొహం కనపడింది. గొలుసుల గంగాళానికి కూడా అంత మర్యాద లేదు.

గొలుసుకి మచ్చ పడుతుందని నాలుకకి ఆనించి చూసే మనిషికి, పీకని అలా చూడాలని తోచలేదు. రబ్బరుకి మచ్చేముంటుంది?

తిరిగొచ్చి పీట మీద కూర్చున్నాను. నవ్వొచ్చింది, చప్పుడు కాకుండా నవ్వాను. యశి నా ఉద్యోగం గురించి ఏ అభిప్రాయమూ చెప్పలేదు. నన్ను పట్టుకోవాలనీ చూడలేదు, ఎవరి చేతుల్నీ కాదనలేదు. చేదుగా ఉందని చెప్పింది, అంతే. ఇన్నాళ్ళూ అదే చెబుతోంది.

లేపి చెబుదామని ఉయ్యాల దాకా వెళ్ళాను. అత్తయ్య చెయ్యి నిద్రలో కూడా విసనకర్రని ఓసారి కదిపి ఆగింది. ఆ ముడతల వేళ్ళు చూశాక నోరు రాలేదు. ఏముందో ఈ చేతుల్లో అని నిన్ననే అడిగింది. ఇదిగో ఇదీ అని ఎలా చెప్పను?

నా బీరువాలో అత్తయ్యకి ఇంకా ఇవ్వని, అట్టపెట్టె విప్పని పీక ఇంకొకటి ఉంది. గిన్నెలో నీళ్ళు పెట్టి మరిగించాను. కరగలేదు. గుడ్డలో చుట్టి నా అరలో దాచాను. చీకిన పాత పీకని రాత్రి అందరూ పడుకున్నాక చెత్తబుట్టలో పడేశాను.

*

పొద్దున్న నేనే పాలు పోసి, నేనే పీక తొడిగి, సీసా అత్తయ్య చేతికిచ్చాను.

"కడిగేశావా? నేను కడిగేదాన్నిగా" అంది.

"పొద్దున్నే మెలకువ వచ్చింది. మీరు పట్టటమే."

ఆవిడ సీసాని వెలుగుకి పెట్టి చూసింది. నేను చెప్పులేసుకున్నాను.

వేపచెట్టు. బెంచీ. పాసింజరు వచ్చింది, చీరల మూటలు ఎక్కాయి, వెళ్ళింది. నేను గేటు వైపు తిరిగి కూర్చున్నాను. ఎవరో పాలమనిషి సైకిల్. ఎవరో పోస్టుమాన్. ముంజలమ్మే ఆవిడ తట్ట దింపి నా పక్కన కూర్చుంది.

"ఎక్కడికమ్మా?"

"గుడివాడ."

"బండి వెళ్ళిపాయెగా."

"తర్వాతది" అన్నాను.

ఆవిడ ముంజలు అమ్ముకుంటూ అటు వెళ్ళింది. నీడ బెంచీ మీంచి జరిగి కాళ్ళ దగ్గరికి వచ్చింది. టంగు టంగు వినపడుతుందని చెవులు రిక్కించాను. గేటు ఇవతల ఒక కుక్క, అవతల ఒక గేదె. వినపడ్డది ఏదీ ఆ చప్పుడు కాదు. నా చెంగు లోపల పాలు దిగి గడ్డకట్టి నొప్పి మొదలైంది. యశి తాగాల్సిన వేళ దాటిపోయిందని తెలియటానికి గడియారం చూడక్కర్లేదు. ఇంకా కూర్చున్నాను. ఒక పక్క, రావద్దు మావయ్యా, రావద్దు. ఇంకో పక్క గేటు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

సైకిల్ రాలేదు.

నడిచే ఇంటికెళ్ళాను. గుమ్మంలో అత్తయ్య నోటికి వేలు అడ్డం పెట్టుకుని ఎదురొచ్చింది. మొహం పండగలా ఉంది.

"తాగింది" అంది గుసగుసగా. "చుక్క మిగల్చలేదు. నా చేత్తో తాగింది. నా కళ్ళల్లోకి చూస్తూ తాగిందే. నిన్న అమ్మవారికి మొక్కుకున్నాన్లే."

"మంచిదత్తయ్యా."

"లేపకు. ఇప్పుడే పడుకుంది."

ఉయ్యాల్లోకి తొంగి చూశాను. పెదాల చివర పాలచుక్క, నిద్రలో కూడా చీకుతున్నట్టు పెదాలు కదుపుతోంది. ఎత్తుకోవాలనిపించింది. లేపకు అంది కదా అత్తయ్య. పెరట్లోకి వెళ్ళి, స్నానాల తడిక వెనక గోడకేసి తిరిగి, పాలు పిండి పారబోసుకున్నాను. తెల్లటి ధార గొలుసుల గంగాళం కింద నురగలో కలిసి కాలవలోకి పోయింది. ఏది పాలో ఏది నురగో తెలియలేదు. అది నేను గెలిచిన రోజు.

ఆ మధ్యాహ్నమే అడిగాను. "ఇకనించి సీసాలు నేను కడుగుతానత్తయ్యా. మీకు సీజను కదా."

"నా పని నాకు తెలుసు. నువ్వు పిల్లని చూసుకో" అంది, గొలుసు నాలుకకి ఆనించి చూస్తూ.

పొద్దుగూకింది. ఆవిడ ఇల్లు ఊడ్చింది. నేను యశిని భుజాన వేసుకుని వీధిలో తిప్పుతున్నాను. లోపల్నుంచి జల్లెడ చప్పుడు కాసేపు వినపడి, మధ్యలో ఆగింది. తర్వాత మళ్ళీ వినపడలేదు.

మర్నాడు పొద్దున్న అత్తయ్యే అంది, నాకేసి చూడకుండా, "సీసాలు నువ్వే కడుక్కోవే. నాకు చూపు ఆనటం లేదు."

దుమ్ములో గోరంత రేకు కనిపెట్టే చూపు ఆవిడది. అయినా ఆ మాట నమ్మాను. నమ్మటం నాకు అవసరం. తులసికోట గట్టు మీద ఇత్తడి చెంబు బోర్లించి ఉంది.

*

కాలేజీ తెరిచారు. నేను వెళ్ళాను. చూసిపెట్టుకున్న పెట్టెలోనే ఎక్కాను. గుడ్లవల్లేరు దాటేసరికి జాకెట్టు తడిసింది. పైన కప్పుకోవటానికే ఒక చున్నీ తెచ్చుకున్నాను. క్లాసులో వాక్యం మొదలుపెట్టాను, చివరిదాకా చెప్పనిచ్చారు. బానే ఉంది. అనుకున్నంత బాగుందా అంటే, బానే ఉంది.

ఇంటికొచ్చేసరికి యశి కడుపు నిండి ఉండేది. నన్ను చూసి నవ్వేది, అందరినీ చూసి నవ్వినట్టే. నా దగ్గర కాసేపు తాగి వదిలేసి, అత్తయ్య గాజుల చప్పుడు వినపడ్డ వైపు తల తిప్పేది. మంచిదే. దీనికోసమే కదా వేసవంతా.

"ఏమ్మా, మరిచిపోయిందా నిన్ను?" అంది కనకదుర్గ పిన్నిగారు అరుగు మీంచి.

"ఇంకా పేరు గుర్తుంది పిన్నిగారూ" అన్నాను.

తొలకరి పడ్డ వారంలో ఒకరోజు ల్యాబులో కరెంటు పోయింది. పిల్లల్ని పంపించేశారు. బస్సు పట్టుకుని మధ్యాహ్నానికే వచ్చేశాను. వీధిలో ఎవరూ లేరు. మావయ్య సుత్తి మోగుతోంది. అందుకే నా అడుగుల చప్పుడు ఎవరికీ వినపడలేదు. మధ్య గది కిటికీ రెక్క తీసి ఉంది.

అత్తయ్య గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఒళ్ళో యశి, ఆకలికి కాళ్ళు కొడుతోంది. నేను పొద్దున్న మరిగించి పెట్టి వెళ్ళిన సీసా ఆవిడ చేతిలో ఉంది. మూత తీసింది. పీకని నాలుక కొనకి ఆనించింది. గొలుసుని ఎలా ఆనిస్తుందో అలా. కళ్ళు మూసుకుని ఆగింది. యశి కోపంతో ఒక కేక పెట్టింది. అయినా ఆగింది. మళ్ళీ ఇంకోసారి ఆనించింది. చెంగుతో పీక తుడిచింది.

"తాగు తల్లీ" అంది. "చేదు లేదు. నేను చూశాగా."

యశి నోరు తెరిచి అందుకుంది. ఒక చెయ్యి గాల్లో వెతికి, ఆవిడ ముడతల వేలు దొరకబుచ్చుకుని పట్టుకుంది.

జల్లెడ ఆ సాయంత్రం ఎందుకు ఆగిందో అప్పుడు తెలిసింది. నేను బుట్టలో పడేసిన పీక దాంట్లో తేలిందన్నమాట. అత్తయ్యా అని పిలుద్దామనుకున్నాను. లోపలికి వెళ్ళి పక్కన కూర్చుందామనుకున్నాను. సముద్రం గాలి మొదలైంది, నా వెనక నుంచి కిటికీలోకి వీస్తోంది. యశి తాగటం ఆపి తల కొంచెం తిప్పింది.

గబుక్కున పక్కకి జరిగాను. నా మీది గాలి కిటికీలోకి పోని చోట, గోడ చివర, ఎండలో. యశి మళ్ళీ చీకుతున్న చప్పుడు సుత్తి దెబ్బల మధ్య సందుల్లో వినపడింది. సీసా అయిపోయేదాకా వీధిలోనే నిలబడ్డాను.